చిన్న నౌకయా, పెద్ద నౌకయా?

(సాంస్కృతిక సంఘ వార్షికోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని తెలుగువారి సామెత. సముద్రతీర దేశములవారు దీనికి మూడవ వాక్యమొకటి చేర్చుకొనవచ్చును: పాత నౌకను కొని చూడు. ఇంగ్లండు దక్షిణ తీరమునను, ఫ్రాన్సునందును, అమెరికా తూర్పు తీరమునను, న్యూజిలాండునందును గల చిన్న రేవులలో అమ్మకమునకు నిలిపిన తెరచాప నౌకలు వరుసలు వరుసలుగా కానవచ్చును. ఇవి సరుకుల ఓడలు కావు. పందెపు పడవలును కావు. ఒక కుటుంబము అందులోనే వండుకొని, అందులోనే నిద్రించి, గాలినే నమ్ముకొని దేశదేశములు తిరుగుటకై నిర్మింపబడిన యాత్రానౌకలు. వీనినే యాట్ అందురు. వీనిని కొనువారందరును కోటీశ్వరులు కారు. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, ఇంజనీర్లు, ఉద్యోగవిరమణ చేసిన దంపతులు కూడ వారిలో కలరు.

అట్టి దంపతులకు తరచుగా ఎదురగు సంకటము ఒకటి కలదు. చేతనున్నది ఒకే మొత్తము. ఆ మొత్తమునకు రెండు పాత నౌకలు దొరకుచున్నవి. ఒకటి 32 అడుగులది. ఇరుకైనది గాని మంచి స్థితిలో నున్నది. రెండవది 43 అడుగులది. విశాలమైనది, చూచుటకు గంభీరమైనది, కాని వయసు మీరినది. చేయవలసిన మరమ్మతులు చాల కలవు. ధర ఒక్కటే. ఏది కొనవలెను?

ఇది వేడుకకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. ఇరువది ముప్పది యేండ్లు కూడబెట్టిన సొమ్ము, వార్ధక్యమునకు ముందు మిగిలిన కొద్దిపాటి ఆరోగ్యవంతమైన సంవత్సరములు, ఇద్దరి ప్రాణములు, ఈ మూడును ఒక్క సంతకముపై ఆధారపడియున్నవి. సగము బాగుచేయబడి, సొమ్ము చాలక ఆగిపోయి, గట్టుమీద వానకు తడియుచు ఎండకు ఎండుచు నిలిచిపోయిన నౌకలకు ఆ రేవులలో కొరత లేదు. అట్టి ప్రతి నౌక వెనుకను ఒక సంసారపు కల నిలిచిపోయియుండును. ప్రభుత్వోద్యోగికి వసతిగృహము హోదానుబట్టి కేటాయింపబడును. సముద్రము హోదాను చూడదు. చేతిబలమును, చేతిలోని సొమ్మును, చేతనున్న కాలమును మాత్రమే చూచును.

ముందుగా లెక్క చూడవలెను. నీటిని చీల్చుకొని పోవు బరువైన నౌకకు ఒక వేగపరిమితి కలదు. నౌక ముందుకు సాగునపుడు తన ముక్కువద్ద ఒక అలను లేపును. వేగము పెరిగిన కొలదియు ఆ అల పొడవును పెరుగును. అల పొడవు నౌక పొడవుతో సమానమైనంతనే నౌక తాను లేపిన అల లోయలో తానే చిక్కుకొనును. ఆపైన గాలి ఎంత త్రోసినను వేగము పెరుగుట దుర్లభము. నీటిమట్టమున నౌక ఎన్ని అడుగుల పొడవున్నదో ఆ సంఖ్య వర్గమూలమును 1.34 చేత గుణించినచో ఆ పరిమితి నాట్లలో తెలియును. నాట్ అనగా గంటకొక నాటికల్ మైలు. నాటికల్ మైలనగా 1.852 కిలోమీటర్లు. 32 అడుగుల నౌక నీటిమట్టమున సుమారు 25 అడుగులును, 43 అడుగుల నౌక సుమారు 36 అడుగులును ఉండుననుకొందురు గాక. 25కు వర్గమూలము 5, 36కు 6. కావున చిన్నదాని పరిమితి 6.7 నాట్లు, పెద్దదానిది 8 నాట్లు.

అయితే పరిమితివద్దనే దినమంతయు నడచు నౌక అరుదు. సగటున చిన్నది 5 నాట్లును, పెద్దది 6 నాట్లును నడచునన్న లెక్క న్యాయముగా నుండును. కానరీ ద్వీపములనుండి వెస్టిండీసుకు అట్లాంటిక్ మహాసముద్రముమీదుగా సుమారు 2,700 నాటికల్ మైళ్లు. దినమునకు 120 మైళ్ల చొప్పున చిన్ననౌకకు 22½ దినములు పట్టును. 144 మైళ్ల చొప్పున పెద్దదానికి 18¾ దినములు. మహాసముద్రమును దాటుటలో తేడా నాలుగు దినములకు లోపే. తుపాను ముందు రేవుకు చేరవలసిన దినమున ఆ తేడా విలువైనదే. కాని కాలము చేతనుండి బయలుదేరిన విశ్రాంత దంపతులకు నాలుగు దినములు పెద్ద నష్టము కాదు.

ఇక బరువు సంగతి. 36ను 25 చేత భాగించిన 1.44 వచ్చును. అనగా పొడవు ఒకటిన్నర రెట్లు కూడ కాలేదు. కాని రెండు నౌకలును ఒకే పోలిక గలవైనచో ఉపరితల వైశాల్యము రెండు రెట్లకు పైగా నగును. బరువు ఇంచుమించు మూడు రెట్లగును. గాలి ఒత్తిడికి ఒరగక నిలుచు శక్తి నాలుగు రెట్లను మించును. నిర్మాతలు పెద్ద నౌకలను కొంత తేలికగా రూపొందింతురు గనుక ఆచరణలో ఈ నిష్పత్తులు కొంత తగ్గును. అయినను తత్త్వము మారదు. రేవున నిలిచి చూచువానికి పొడవు మాత్రమే కనబడును. త్రాడు లాగవలసినవానికి బరువు తెలియును. పెద్ద నౌక మేలును, కీడును ఈ ఒక్క లెక్కలోనే ఇమిడియున్నవి.

మేలు ముందు చెప్పుట న్యాయము. పెద్ద నౌక అలలమీద మెల్లగా ఊగును. చిన్ననౌక కుదుపులకు అలసినవాడు వంట చేయలేడు, నిద్రింపలేడు. నిద్రలేనివాడు తప్పు నిర్ణయములు చేయును. పెద్దదానిలో నీరు, ఆహారము, పనిముట్లు పుష్కలముగా పట్టును. ఆ బరువు పెద్ద నౌకను అంతగా క్రుంగదీయదు. చిన్నదానిలో అదే సామాను నింపినచో నౌక నీటిలోనికి దిగిపోయి నడక మందగించును. అన్నింటికంటె ముఖ్యమైనది తుపానునాటి సంగతి. 1979 ఆగస్టులో బ్రిటిషు దీవులవద్ద జరిగిన ఫాస్ట్‌నెట్ పందెములో 303 నౌకలు పాల్గొనగా, మార్గమధ్యమున విరుచుకుపడిన తుపానులో పందెగాండ్రు 15 మంది మరణించిరి. 24 నౌకలను విడిచిపెట్టవలసివచ్చెను. చిన్న నౌకలకే ఎక్కువ హాని కలిగెను. ఆ విపత్తు తరువాత ఇంగ్లండులో నీటితొట్లయందు నమూనాలతో పరీక్షలు జరిపిరి. నౌక పొడవులో సుమారు మూడు పదవవంతులంత ఎత్తుగల విరుగు అల ప్రక్కనుండి తాకినచో నౌక బోల్తాపడు ప్రమాదము కలదనియు, ఆరు పదవవంతులంత ఎత్తుగలదైనచో ఇంచుమించు ఏ నౌకయైనను బోల్తాపడుననియు తేలినది. ఈ లెక్కన 32 అడుగుల నౌకకు 10 అడుగుల అల అపాయకరము. 43 అడుగులదానికి 13 అడుగుల అల. ఆ మూడడుగుల తేడాలో ప్రాణములు నిలిచిన రాత్రులు కలవు.

అయితే అదే తుపాను మరియొక పాఠమును కూడ నేర్పినది. సిబ్బంది విడిచిపోయిన ఆ 24 నౌకలలో అయిదు మాత్రమే మునిగెను. తక్కినవి తరువాత నీటిపై తేలుచు దొరికెను. కొందరు తమ నౌకను వదలి రబ్బరు తెప్పలలోనికి దిగి ప్రాణములు కోల్పోయిరి. నౌక ఓర్చుకొన్నది, మనుష్యులు ఓర్చుకొనలేకపోయిరి. కావున నౌక బలమును కొలిచినంత మాత్రమున చాలదు. దానిని నడుపువారి బలమును కొలువవలెను.

ఇప్పుడు చిన్ననౌక పక్షమున వాదింపవలసియున్నది. లంగరునే ఉదాహరణముగా తీసికొనవచ్చును. 32 అడుగుల నౌకకు సుమారు 15 కిలోల లంగరు, 8 మిల్లీమీటర్ల గొలుసు చాలును. 43 అడుగులదానికి సుమారు 25 కిలోల లంగరు, 10 మిల్లీమీటర్ల గొలుసు కావలెను. మొదటి గొలుసు మీటరుకు ఇంచుమించు 1.45 కిలోలు, రెండవది 2.3 కిలోలు. 20 మీటర్ల లోతులో నిలువుగా వ్రేలాడు లంగరును పైకి తీయవలెనన్న మొదటిదానికి 44 కిలోలు, రెండవదానికి 71 కిలోలు లాగవలసియుండును. మొదటిది శ్రమయే గాని, నిలిచి నిలిచి లాగినచో సాధ్యము. రెండవది అరువదేండ్ల దంపతుల చేతులకు సాధ్యము కాదు. విద్యుత్తుతో తిరుగు యంత్రము కావలెను. ఆ యంత్రమునకు పెద్ద బ్యాటరీలు కావలెను. బ్యాటరీలను నింపుటకు ఇంజను తిరుగవలెను. ఇంజనుకు చమురు కావలెను. అర్ధరాత్రి గాలి మారి నౌక రాళ్లవైపు కొట్టుకొనిపోవుచుండగా ఈ గొలుసుకట్టులో ఏ ఒక్క కొక్కెము తెగినను లంగరు పైకి రాదు. తెరచాపల సంగతియు ఇంతే. వైశాల్యము రెట్టింపైనచో గాలి లాగు బలమును రెట్టింపగును. గాలి పెచ్చుపెరిగినపుడు తెరచాపను మడిచి కుదించుట యను పని చిన్ననౌకలో ఒక్కరి చేతనగును. పెద్దదానిలో యంత్రసహాయము లేనిచో నిద్రించుచున్న రెండవవారిని లేపక తప్పదు. ఇట్లు పది రాత్రులు గడచినచో ఇద్దరికిని నిద్ర యుండదు.

ఖర్చు విషయమున పాతనౌక కొనువారు తరచుగా మోసపోవు చోటు ఒకటి కలదు. వయసుతోపాటు నౌక ధర తగ్గును. కాని దాని తెరచాప ధర తగ్గదు, ఉక్కుత్రాటి ధర తగ్గదు, ఇంజను ధర తగ్గదు. ముప్పదియేండ్ల 43 అడుగుల నౌక క్రొత్త 43 అడుగుల నౌకకు వలెనే గుడ్డను, రంగును, ఇనుమును కోరును. రేవులో అద్దె పొడవునుబట్టియే వసూలు చేయుదురు. నౌక వయసునుబట్టి కాదు. నౌక అడుగున నాచు, గవ్వపురుగులు పట్టకుండ పూయు విషపు రంగు వైశాల్యమునుబట్టి కావలెను, అనగా రెండింతలు. కావున సమానమైన ధరకు రెండు నౌకలు దొరికినవన్నమాట పైకి నిజమే గాని లోపల అబద్ధము. కొన్ననాడు సమానమే, కొన్న మరునాటినుండి సమానము కాదు. ఏనుగును కొనినవాడు గుర్రపు మేతతో దానిని పోషింపలేడు.

ఇక అనుభవజ్ఞుల చరిత్ర ఏమి చెప్పుచున్నదో చూచుట మంచిది. ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన మొదటి నావికుడు జాషువా స్లోకమ్ నడిపినది క్రొత్త నౌక కాదు. అమెరికాలోని ఫెయిర్‌హేవెన్ గ్రామమున బయలులో పడియున్న స్ప్రే అను పాత నౌకను ఒక మిత్రుడు అతనికి ఉచితముగా నిచ్చెను. 36 అడుగుల 9 అంగుళముల ఆ నౌకను అతడు 13 మాసములు స్వహస్తములతో తిరిగి నిర్మించి, 553 డాలర్ల 62 సెంట్లు వ్యయపరచెను. 1895 ఏప్రిల్ 24న బోస్టన్ విడిచి, 46,000 మైళ్లు తిరిగి, 1898 జూన్ 27న న్యూపోర్టు చేరెను. ఉచితముగా దొరికిన నౌకకు కూడ ఒక యేడాదికి మించిన శ్రమ వెలగా చెల్లింపవలసివచ్చినదను సంగతి ఇచట గమనింపదగును. పైగా స్లోకమ్ పెద్ద ఓడలకు కెప్టెనుగా పనిచేసినవాడు, వడ్రంగము ఎరిగినవాడు. ఆ నేర్పు లేనివాడు ఆ శ్రమను సొమ్ముతో కొనవలెను.

రెండవ ఉదాహరణము భారతదేశముతో ముడిపడియున్నది. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అను ఆంగ్ల నావికుడు బొంబాయిలో టేకుకొయ్యతో సుహైలీ అను 32 అడుగుల నౌకను కట్టించుకొనెను. 1968లో ఎచటను ఆగక ఒంటరిగా భూమిని చుట్టు పందెము ప్రకటింపబడునాటికి అది అతనికి చాలని నౌకగా తోచెను. యాభై అడుగులకు మించిన ఉక్కునౌకను కట్టించుకొనదలచి సొమ్ముకై ఎన్నో గడపలు తొక్కెను. సొమ్ము దొరకలేదు. విధిలేక సుహైలీతోనే 1968 జూన్ 14న ఫాల్మత్ రేవును విడిచెను. దారిలో నౌక అడుగుపలకల సందున నీరు కారనారంభింపగా, అతడు నీటిలో మునిగి, ఆ సందును గుడ్డతో పూడ్చి, పైన రాగిరేకు బిగించెను. గాలి చుక్కాని విరిగెను, త్రాగునీరు చెడెను. అయినను 1969 ఏప్రిల్ 22న అతడు అదే రేవునకు తిరిగివచ్చెను. పందెమున బయలుదేరిన తొమ్మండుగురిలో పూర్తిచేసినవాడు అతడొక్కడే. కోరిన పెద్దనౌక అతనికి దొరకలేదు. తాను కట్టించి, నడిపి, ప్రతి పలకను ఎరిగిన చిన్ననౌక దక్కినది. ఎరిగిన నౌక యొక్క విలువ పొడవుతో కొలువరానిది.

మూడవది దీనికి విలోమము. సర్ ఫ్రాన్సిస్ చిచెస్టర్ 1960లో సుమారు 40 అడుగుల జిప్సీ మాత్ మూడవ నౌకతో అట్లాంటిక్ పందెము గెలిచెను. భూప్రదక్షిణమునకై 53 అడుగులకు మించిన జిప్సీ మాత్ నాలుగవ నౌకను కట్టించెను. 1966 ఆగస్టులో ప్లిమత్ విడిచి, సిడ్నీలో మాత్రమే ఆగి, 1967 మే 28న తిరిగివచ్చెను. అప్పటికి అతని వయసు 65 సంవత్సరములు. కీర్తి దక్కెను గాని నౌకమీద అతనికి ప్రీతి కలుగలేదు. సిడ్నీలో దాని అడుగు వెన్నును మార్పింపవలసివచ్చెను. ఒంటరివానికి అది మితిమీరినదనియు, మూడవవంతు తగ్గియుండినచో మేలనియు అతడు తరువాత అభిప్రాయపడెను.

దంపతులకు అన్నింటికంటె దగ్గరి దృష్టాంతము ఎరిక్, సూసన్ హిస్కాక్‌లది. కంటిచూపు బలహీనమైన ఎరిక్, అతని భార్య సూసన్, 30 అడుగుల వాండరర్ మూడవ నౌకలో 1952 నుండి 1955 వరకు ఒకమారును, 1959 నుండి 1962 వరకు మరియొకమారును భూమిని చుట్టివచ్చిరి. ఆపైన ఇంటిని విడిచి నౌకలోనే స్థిరనివాసము చేయవలెనని 1968లో సుమారు 49 అడుగుల ఉక్కునౌక వాండరర్ నాలుగవదానిని నిర్మింపజేసికొనిరి. అందు గదులు విశాలము, పుస్తకములకు చోటు, పనిబల్లకు చోటు. కాని వయసు పైబడుచున్న ఇద్దరికి ఆ నౌక బరువైనది. దాని నడకయు వారికి తృప్తి నీయలేదు. తుదకు న్యూజిలాండులో 39 అడుగుల వాండరర్ అయిదవ నౌకకు మారిరి. ముప్పదినుండి నలుబదితొమ్మిదికి ఎక్కి, అచటినుండి ముప్పదితొమ్మిదికి దిగివచ్చిన ఆ ప్రయాణమే ఈ ప్రశ్నకు పెద్ద సమాధానము. వారు విడిచిన 30 అడుగుల నౌక చేతులు మారి, తరువాతి యజమానులతో దక్షిణ జార్జియా మంచుతీరముల వరకు పోయివచ్చినది. పాతనౌక యైనంతమాత్రమున పనికిరానిది కాదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

పరిమాణమును నిశ్చయించుకొనిన పిమ్మట పరీక్ష మిగిలియుండును. దూరపు కొండలు నునుపు. క్రొత్తరంగు పూసిన పాతనౌక అంతకంటె నునుపు. ఆ దేశములలో ధర కుదిరిన వెంటనే సొమ్మంతయు చెల్లింపరు. సాధారణముగా పదవవంతు బయానా ఇచ్చి, నిపుణుని పరీక్షయందును, సముద్రముపై నడిపి చూచుటయందును తృప్తి కలిగినచో మిగిలినది చెల్లింతుమని వ్రాసికొందురు. నౌకను నీటినుండి పైకెత్తించి పరీక్షకుడు అడుగునుండి తలవరకు చూచును. చిన్న సుత్తితో డెక్కును తట్టుచు పోవును. గట్టి చోట గణగణమను ధ్వని వచ్చును. లోపలి బాల్సా కొయ్య తడిసి క్రుళ్లిన చోట మందమైన చప్పుడు వచ్చును. ఫైబర్ గ్లాసు అడుగున నీటిపొక్కులు లేచినవేమో చూచును. తెరచాప కొయ్యను నిలుపు ఉక్కుత్రాళ్లను పది పదునైదు సంవత్సరములకొకమారు మార్చుట వాడుక. మార్చిన ఆధారము లేనిచో ఆ ఖర్చును ధరలో తగ్గింపవలెను. నౌక పొట్టలోనికి నీటిని తెచ్చు ప్రతి కవాటమును త్రిప్పి చూడవలెను.

అన్నింటికంటె కఠినముగా చూడవలసినది కీల్ అనబడు అడుగు వెన్ను. నౌకను నిటారుగా నిలుపునది అదియే. అనేక నౌకలలో అది మరబోల్టులతో బిగింపబడియుండును. 2014 మే నెలలో అట్లాంటిక్ మహాసముద్రమున, సుమారు 40 అడుగుల చీకీ రఫీకి అను నౌకకు ఈ వెన్ను ఊడిపోయి, నౌక బోల్తాపడి, అందలి నలువురును మరణించిరి. అంతకుముందు పలుమారులు నేలను తాకుట, ఆపైన జరిగిన మరమ్మతులు ఆ అతుకును బలహీనపరచియుండవచ్చునని బ్రిటిషు ప్రభుత్వ పరిశోధకులు నిర్ణయించిరి. పాతనౌక చరిత్రను అడుగుట అమర్యాద కాదు. పెండ్లి సంబంధమునకు ముందు ఇరువైపులను విచారించుకొను తెలుగువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ పరీక్షలో చిన్ననౌకకు ఒక సహజమైన సౌలభ్యము కలదు. దానిలో చూడవలసిన చోట్లు తక్కువ. లోపము బయటపడిన సవరించుటకు అయ్యెడు వ్యయము తక్కువ. పెద్ద పాతనౌకలో ఒక్క తెరచాప కొయ్యయో, ఒక్క ఇంజనో చెడినచో యాత్రకై దాచిన సొమ్మంతయు దానికే పోవును. చిన్ననౌక దోషమును యజమాని చేతులు తీర్చగలవు. పెద్దనౌక దోషమును యజమాని పర్సు తీర్చవలెను.

భారత నావికుల అనుభవము కూడ ఈ విచారణకు తోడ్పడును. భారత సైన్యపు ఇంజనీర్ల దళమువారు తృష్ణ అను 37 అడుగుల నౌకలో 1985 సెప్టెంబరు 28న ఇంగ్లండునుండి బయలుదేరి, భూమిని చుట్టి, 1987 జనవరి 10న బొంబాయి చేరిరి. అది మొదట విదేశీయుల చేతిలో మరియొక పేరుతో నడచిన నౌక. భూప్రదక్షిణము చేసిన మొదటి భారతీయ యాట్ అను ఖ్యాతి ఒక పాతనౌకకే దక్కినది. నౌకాదళమువారు గోవాలో నిర్మింపజేసిన తారిణి సుమారు 55 అడుగులది. 2017 సెప్టెంబరు 10న గోవానుండి ఆరుగురు మహిళాధికారులు దానిలో బయలుదేరి, 21,600 నాటికల్ మైళ్లు తిరిగి, 254 దినములకు 2018 మే 21న తిరిగివచ్చిరి. ఆ ఆరుగురిలో విశాఖపట్టణపు లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి, హైదరాబాదునకు చెందిన లెఫ్టినెంట్ బొడ్డపాటి ఐశ్వర్య ఉండుట తెలుగువారందరికిని గర్వకారణము.

తారిణి పెద్దదే. కాని దానిని నడిపిన చేతులు పండ్రెండు. వంతులు వేసికొని కాపలా కాచి, వంతులు వేసికొని నిద్రించుటకు అవకాశము కలదు. పసిఫిక్ మహాసముద్రపు తుపానులో ఆ బలగము అక్కరకు వచ్చినది. అదే నౌకను 2024 అక్టోబరు 2 నుండి 2025 మే 29 వరకు లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా, రూపా ఇద్దరే నడిపి భూప్రదక్షిణము గావించిరి గదా యని ఎవరైన ప్రశ్నింపవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కాని వారు సంవత్సరములకొలది ఆ నౌకలోనే శిక్షణ పొందిన యువతులు. వారి వెనుక రేవురేవునను విడిభాగములను, నిపుణులను సమకూర్చు నౌకాదళము కలదు. అట్టి శిక్షణయు, అట్టి అండయు లేని అరువదేండ్ల దంపతులు వారి విజయమును చూచి గర్వింపవలెను గాని, దానిని తమ కొలతగా తీసికొనరాదు.

ఇంతవరకు చెప్పినదానినుండి కొన్ని సూత్రములు తేలుచున్నవి. నౌకను కొనువారు ఇద్దరిలో బలవంతుని చూచి కాక, బలము తక్కువైనవారిని చూచి కొలత నిర్ణయింపవలెను. భర్త కాలుజారి సముద్రమున పడినచో, భార్య ఒంటరిగా తెరచాపను దించి, నౌకను వెనుకకు త్రిప్పి, అతనిని చేరి, పైకి లాగగలదా? భార్య జ్వరముతో పడియుండగా భర్త ఒంటరిగా లంగరు ఎత్తి రేవు దాటగలడా? ఈ రెండు ప్రశ్నలకును అవునని సమాధానము రాని నౌక, ఎంత చౌకగా దొరికినను, వారి నౌక కాదు. దీనిని గదిలో కూర్చుండి ఊహింపరాదు. కొనకముందే ఒక గాలిదినమున ఇద్దరును వంతులవారీగా ఒంటరిచేతులతో నడిపి చూడవలెను.

రెండవ సూత్రము సొమ్మును గూర్చినది. చేతనున్న మొత్తమునంతటిని నౌక ధరకే చెల్లింపరాదు. పాతనౌక ఏదైనను మొదటి సంవత్సరమున తన వాటా తాను అడుగును. ఆ వాటాను, రెండేండ్ల భోజనమును, ఆపదకు కొంత మొత్తమును మొదటనే వేరుగా నుంచి, మిగిలినదానిలో నౌకను వెదకవలెను. ఇట్లు లెక్కించినపుడు 43 అడుగుల నౌక తరచుగా తనంతట తానే పోటీనుండి తప్పుకొనును.

మూడవది కాలము. మరమ్మతులకు రెండేండ్లు పట్టు నౌక రెండేండ్ల యాత్రను మ్రింగివేయును. ముప్పదేండ్లవానికి ఆ రెండేండ్లు తిరిగివచ్చునేమో. అరువది దాటినవారికి రావు.

అయినను పెద్దనౌకకు తగినవారు లేకపోలేదు. ఎదిగిన బిడ్డలు ఇద్దరు ముగ్గురు వెంటవచ్చు కుటుంబమునకు, యాత్రకంటె నివాసమే ప్రధానముగా ఒకే రేవులో మాసములకొలది నిలువదలచినవారికి, యంత్రవిద్య చేతనుండి సొమ్మునకు కొరతలేనివారికి విశాలమైన నౌక సుఖము నిచ్చును. అట్టివారు చిన్నదానిలో ఇరుకుకొని, నెలతిరుగక ముందే కలహించుకొని, యాత్ర మానుకొనుటకంటె పెద్దదానిని కొనుటయే మేలు. గంతకు తగిన బొంత కావలెను గాని, పెద్ద బొంత యైనంత మాత్రమున గంతకు మేలు జరుగదు.

కాని చేతులు నాలుగే యై, సొమ్ము పరిమితమై, సంవత్సరములు లెక్కపెట్టదగినవై యున్న దంపతులకు తీర్పు స్పష్టము. గట్టిగా నున్న 32 అడుగుల నౌకను కొని, ఈ యేడే తెరచాప ఎత్తవలెను. 43 అడుగుల నౌకలో అదనముగా దొరకు గదులు రేవులో నున్నంతకాలమే విశాలములు. నడిసముద్రమున గాలి వీచునపుడు ఎవరికైనను కావలసినది పట్టుకొనుటకు ఒక కమ్మి, ఒరగుటకు ఒక గోడ, చేతికందు దూరమున తోడు. ఆ మూడును చిన్ననౌకలోనే దగ్గరగా నుండును.